వానాకాలం జ్వరాలు ఓపీలో ఎలా చూడాలి: ఎన్నో రోజు అన్నదే మొదటి ప్రశ్న

ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా మన జనరల్ మెడిసిన్ ఓపీ అంటే జ్వరాలే, పేషెంటు కుర్చీలో కూర్చోకముందే ల్యాబ్ కాగితం టేబుల్ మీద పెట్టేస్తాడు, అందులో విడాల్ (టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష) పాజిటివ్ అని ఉంటుంది, ప్లేట్‌లెట్లు 90 వేలని ఉంటుంది, వెనకాల నిలబడ్డ బావమరిది "డెంగ్యూనా టైఫాయిడా సార్, రెండూ ఉన్నాయంటున్నారు" అని అడుగుతుంటాడు, బయట క్యూ గేటు దాకా ఉంటుంది. ఆ కాగితం చూసి ఒక యాంటీబయాటిక్, ఒక సెలైన్, ఒక బి కాంప్లెక్స్ రాసి పంపడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఆ క్యూలో ఉన్నవాళ్లలోనే ఒకరు ఎల్లుండి రాత్రి షాక్‌లో, అంటే రక్తప్రసరణ పడిపోయి వస్తారు, ఇంకొకరు వారానికి వెంటిలేటర్ మీద ఉంటారు, వాళ్లెవరో ఇవాళే పట్టుకోవడమే అసలు పని.

పీజీలో కొత్తగా చేరినవాళ్లకి, పీహెచ్‌సీలో ఒక్కరే కూర్చునే మెడికల్ ఆఫీసర్లకి, నైట్ డ్యూటీ చేసేవాళ్లకి ఇది రాస్తున్నా. ముందు ఆ కాగితం పక్కన పెట్టండి, జ్వరం మొదలై ఇవాళ ఎన్నో రోజో తేల్చుకోండి. ఏ టెస్టు పనికొస్తుంది, ఏది డబ్బు దండగ, ఎవర్ని ఇంటికి పంపొచ్చు, ఎవర్ని వార్డులో ఉంచాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి.

రోజు లెక్క తేల్చుకోవడం

"ఎన్ని రోజులైందమ్మా జ్వరం" అంటే "నాలుగైదు రోజులైంది సార్" అంటారు, దాంతో ఆగిపోకండి, నాలుగుకీ ఐదుకీ మధ్య చాలా తేడా ఉంది. ఏదో ఒక పని పట్టుకుని అడగండి: "ఆదివారం సంతకి వెళ్లారా, వెళ్లినప్పుడు ఒళ్లు బాగానే ఉందా?", "కూలికి ఆఖరిసారి ఎప్పుడు వెళ్లావు పెద్దాయనా, ఆ రాత్రి చలి వచ్చిందా?" ఇలా అడిగితే కచ్చితంగా చెప్తారు. ఒళ్లు వెచ్చబడ్డ రోజు డే 1. కేస్ షీట్ పైన పెద్దగా డే 4 అని, పక్కన తారీకు రాయండి, రేపు డ్యూటీ మారితే వచ్చే డాక్టరుకి అదొక్కటే చాలా పని చేసిపెడుతుంది.

ఆ వెంటనే అడగాల్సింది సూదుల సంగతి. మన ఊళ్లలో చాలామంది ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాకే మన దగ్గరికి వస్తారు, దానికి వాళ్లని కోప్పడితే మర్నాటి నుంచి అసలు చెప్పరు. మామూలుగా అడగండి, ఎన్ని సూదులు వేశారు, మాత్రల అట్టలు ఉన్నాయా, ఉంటే చూపించమనండి. డెక్సామెథసోన్ పడి ఉంటే ఒక రాత్రి జ్వరం తగ్గి మళ్లీ వస్తుంది, తెల్లకణాలు పెరిగి బ్యాక్టీరియల్ ఇన్‌ఫెక్షన్‌లాగా కనిపిస్తుంది, షుగర్ 300 కూడా దాటి ఉండొచ్చు. డైక్లోఫెనాక్ పడి ఉంటే చెమటలు పట్టి జ్వరం దిగుతుంది, ఇంట్లోవాళ్లు తగ్గిపోయిందనుకుంటారు. యాంటీబయాటిక్ ముందే పడి ఉంటే బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. రిపోర్టులు చదివేటప్పుడు ఇవన్నీ గుర్తుండాలి.

తర్వాత పని, ఊరు, నీళ్లు. వరి నాట్లు వేశారా, పత్తి ఏరారా, గొర్రెలు కాస్తారా, పొదల్లో గడ్డి కోశారా, పాడేరు అరకు వైపో ములుగు భద్రాచలం అడవుల వైపో వెళ్లొచ్చారా, వీధిలో ఇంకెవరికైనా జ్వరాలున్నాయా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పటిలాగా ఊరు నీళ్లలో ఉంటే, ఆ నీళ్లలో నడిచారా, కాళ్లకి పుండ్లున్నాయా అని అడగాలి, అది లెప్టోస్పైరోసిస్ ప్రశ్న, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే బ్యాక్టీరియా జ్వరం అది, లెప్టో అంటాం.

ఒళ్లంతా చూడాలి, బట్టలు పక్కకి జరిపించి

ఇది మనం ఎక్కువగా మానేసే పని. స్క్రబ్ టైఫస్ అన్నది ఓరియన్షియా సుట్సుగముషి అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, గడ్డిలో పొదల్లో ఉండే కంటికి సరిగ్గా కనిపించని పురుగు పిల్ల కుడితే ఎక్కుతుంది, కుట్టిన చోట నొప్పి లేని నల్లటి పక్కు కట్టిన పుండు ఏర్పడుతుంది, సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది, దాన్నే ఎస్కార్ అంటాం. నొప్పి లేదు, దురద లేదు కాబట్టి పేషెంటు దాని గురించి చెప్పడు, చాలాసార్లు వాళ్లకే తెలీదు. ఆ పురుగు ఒంటి మీద పాకి బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగుతుంది, అందుకని చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, బొడ్డు చుట్టూ, మోకాలి వెనక, మగవాళ్లకి మొలతాడు కట్టుకునే చోట, వృషణాల మీద, ఆడవాళ్లకి లంగా బొందు కట్టుకునే చోట వెతకాలి, తలలో చెవి వెనక కూడా చూడాలి. చెమ్మగా ఉండే మడతల్లో నల్ల పక్కు ఉండదు, పసుపు రంగులో చిన్న పుండులా ఉంటుంది, దాన్ని మామూలు ఒరుపు అనుకుని వదిలేయకండి. పక్కనే గడ్డ కట్టిన బిళ్ల తగులుతుంది, బిళ్ల ముందు తగిలితే అది ఏ వైపు ఉందో చూసి అక్కడి నుంచి పుండు కోసం వెతకండి.

ఆడవాళ్లని చూసేటప్పుడు స్టాఫ్ నర్సుని పిలిచి, తెర లాగి, "అమ్మా, పురుగు కుట్టిన మచ్చ ఉంటుంది, అది దొరికితే ఏ జ్వరమో ఇప్పుడే తెలిసిపోతుంది, టెస్టులు కూడా తగ్గుతాయి" అని చెప్పండి, ఎవరూ కాదనరు. ఇలా ఎస్కార్ ఒక్కటి దొరికితే మందు ఆ క్షణమే మొదలుపెట్టొచ్చు, ఏ రిపోర్టు కోసమూ ఆగక్కర్లేదు.

మిగతావి త్వరగా చెప్తా. కళ్లు ఎర్రగా ఉండి పుసి లేకపోతే, పిక్కలు నొక్కితే అరిస్తే, పైన కామెర్లు కూడా ఉంటే లెప్టో. ఒంటి మీద నొక్కితే వేలి ముద్ర తెల్లగా పడి నిదానంగా ఎర్రబడే ఎరుపు ఉంటే డెంగ్యూ. కుడి వైపు ఊపిరితిత్తి అడుగున శబ్దం తగ్గితే అక్కడ నీరు చేరుతోందని. మెడ బిగుసుకుందేమో, మనిషి మాట తేడాగా ఉందేమో, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో తప్పకుండా చూడండి, ఊపిరి మాత్రం ఒక నిమిషం కూర్చుని లెక్కపెట్టండి, 18 అని అలవాటుగా రాయకండి.

బీపీలో రెండు అంకెలూ చదవండి

డెంగ్యూలో రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోతున్నప్పుడు పై బీపీ చివరి దాకా నిలబడే ఉంటుంది, ముందు కింద అంకె పెరుగుతుంది. 104/88 అని ఉంటే సిస్టర్ గారు "బీపీ నార్మలే సార్" అంటారు, నిజానికి రెండింటి మధ్య తేడా 16, అది 20 లేదా అంతకన్నా తక్కువైతే షాక్ కిందే లెక్క, మనిషి లేచి కూర్చుని మాట్లాడుతున్నా సరే. ఇలాంటి బీపీని మెషీన్ మీద వదిలేయకుండా కఫ్ కట్టి స్టెతస్కోప్‌తో మళ్లీ చూడండి, చేతులు పట్టుకుని చూడండి, వేళ్లు చల్లగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు వస్తుందా.

పెద్దవాళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఎప్పుడూ 160 ఉండే మనిషికి 110 ఉందంటే అది నార్మల్ కాదు, పాత కాగితాలు అడిగి చూడండి. నాడిని తగ్గించే మెటోప్రొలాల్ వాడుతున్న మనిషికి షాక్‌లోనూ నాడి 80 దాటకపోవచ్చు.

ఏ రోజు ఏ టెస్టు

మొదటి ఐదు రోజుల్లో డెంగ్యూకి ఎన్‌ఎస్1 యాంటిజెన్ (వైరస్ ప్రొటీన్‌ని పట్టే టెస్టు), ఐదో రోజు తర్వాత ఐజీఎం (ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీని పట్టే టెస్టు). రెండో రోజున ఐజీఎం నెగెటివ్ వచ్చిందని డెంగ్యూ కాదనడం, తొమ్మిదో రోజున ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చిందని కాదనడం రెండూ తప్పే. ఇంతకుముందు ఒకసారి డెంగ్యూ వచ్చినవాళ్లలో ఎన్‌ఎస్1 త్వరగా మాయమవుతుంది, అందుకే నెగెటివ్ ఉన్నా మనిషి డెంగ్యూలాగే ఉంటే డెంగ్యూలాగే చూసుకోండి. కార్డు టెస్టు (అక్కడికక్కడే చేసే ర్యాపిడ్ టెస్టు) పాజిటివ్ వస్తే గవర్నమెంట్ లెక్కలో అది అనుమానమే, ఎలైజా అనే ల్యాబ్ పరీక్షలో వస్తేనే ఖాయం, కానీ వైద్యానికి దానికోసం ఆగనక్కర్లేదు. ఇంకో సంగతి, ఐజీఎం రెండు మూడు నెలలు కూడా పాజిటివ్‌గా ఉండిపోతుంది, వినాయక చవితప్పుడు డెంగ్యూ వచ్చి తగ్గిన మనిషికి దీపావళికి వచ్చిన జ్వరం డెంగ్యూయే అనుకోకండి.

మలేరియాకి రోజుతో పని లేదు, మొదటి రోజు నుంచీ చూడొచ్చు, కానీ ఒక్క నెగెటివ్‌తో కొట్టిపారేయకూడదు, అనుమానం గట్టిగా ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో మూడుసార్లు స్మియర్, అంటే గాజు స్లైడ్ మీద పరిచిన రక్తం, చూడాలి. ఫాల్సిపారం (ప్రమాదకరమైన మలేరియా రకం) కార్డు టెస్టు మందు వేశాక కూడా కొన్ని వారాలు పాజిటివ్‌గానే ఉంటుంది, కాబట్టి తగ్గిందా లేదా అన్నది స్లైడ్ మీదే తేల్చాలి. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మైక్రోస్కోప్ కింద చూసింది మన సికింద్రాబాద్‌లోనే, ఆ ఊళ్లో చదువుకున్నవాళ్లం స్లైడ్ చూడ్డం ల్యాబ్ టెక్నీషియన్ పని అని వదిలేయడం నాకు నచ్చదు, నెలకి కొన్నైనా మీరే ఆయిల్ వేసి చూడండి.

స్క్రబ్ టైఫస్ ఐజీఎం ఎలైజా ఐదు నుంచి ఏడు రోజులు దాటాకే పాజిటివ్ అవుతుంది, లెప్టో ఐజీఎం కూడా అంతే. మొదటి వారంలో నెగెటివ్ వస్తే ఏమీ తేలనట్టే. వీల్ ఫెలిక్స్ అనే పాత రక్తపరీక్ష తప్ప ఏమీ దొరకని చోట అది నెగెటివ్ వస్తే పట్టించుకోకండి, చాలా కేసులు అది వదిలేస్తుంది.

మామూలు సీబీపీని, అంటే రక్తకణాల లెక్కని, మాత్రం జాగ్రత్తగా చదవండి, రేటు తక్కువ, సమాచారం ఎక్కువ. తెల్లకణాలు 2,500కి పడిపోయి తర్వాత ప్లేట్‌లెట్లు దిగుతుంటే డెంగ్యూ వైపు. ప్లేట్‌లెట్లు తక్కువే కానీ తెల్లకణాలు 12 వేలు 14 వేలు ఉంటే స్క్రబ్, లెప్టోతో పాటు బ్యాక్టీరియల్ సెప్సిస్ గురించి ఆలోచించాలి. కామెర్లని చూపే బిలిరుబిన్ బాగా పెరిగి కాలేయ ఎంజైములు మాత్రం కొంచెమే పెరిగి కిడ్నీ పనిని చూపే క్రియాటినిన్ ఎక్కితే లెప్టో. డెంగ్యూలో కాలేయ ఎంజైముల్లో ఎస్‌జీఓటీ సాధారణంగా ఎస్‌జీపీటీ కన్నా ఎక్కువ ఉంటుంది. అన్ని కార్డు టెస్టులూ ఒకేసారి చేయిస్తే డెంగ్యూ, స్క్రబ్, లెప్టో మూడు ఐజీఎంలూ పాజిటివ్ వచ్చి కూర్చుంటాయి, అప్పుడు మళ్లీ రోజు లెక్క, మనిషి, ఎస్కార్, వీటి దగ్గరికే రావాలి.

విడాల్ కాగితం గురించి

జ్వరం వచ్చిన రెండో రోజున విడాల్ చేయించడం ఆపేద్దాం. 1896లో వచ్చిన టెస్టు అది, మన దగ్గర టైఫాయిడ్ ఎప్పుడూ ఉండేదే కాబట్టి మామూలుగా ఉన్నవాళ్లలోనూ టైటర్లు (యాంటీబాడీ మోతాదులు) ఉంటాయి, వేరే జ్వరాల్లో కూడా పాజిటివ్ వస్తుంది, ఒక్కసారి చేసిన విడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చడానికి లేదు. అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదటి డోసుకి ముందే బ్లడ్ కల్చర్ తీయండి, పెద్దవాళ్లకి ఒక్కో బాటిల్‌కి 10 ఎంఎల్ రక్తం కావాలి, 3 ఎంఎల్ తీసి పంపితే ఏమీ పెరగలేదనే రిపోర్టే వస్తుంది. మన దేశంలో టైఫాయిడ్ బ్యాక్టీరియా సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్‌లకి చాలావరకు లొంగట్లేదు, అందుకే వార్డులో సెఫ్‌ట్రియాక్సోన్, ఇంటి దగ్గర అజిత్రోమైసిన్ వాడుతున్నాం. సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది, ఇది ఇంట్లోవాళ్లకి మొదటి రోజే చెప్పేయాలి, చెప్పకపోతే మూడో రోజుకే "మందు పని చేయట్లేదు సార్" అని ఇంకో హాస్పిటల్‌కి వెళ్లిపోతారు, అక్కడ ఇంకో యాంటీబయాటిక్ కలుస్తుంది.

పేషెంటుకి చెప్పేటప్పుడు "ఆ ల్యాబ్‌వాడు తప్పు" అని చెప్పకండి, "ఈ టెస్టు మీ ఒంట్లో పాత గుర్తు కూడా చూపిస్తుంది బాబూ, ఇప్పటి జ్వరం దేనివల్లో అది చెప్పలేదు" అంటే సరిపోతుంది, అర్థం చేసుకుంటారు.

ప్లేట్‌లెట్లు, పీసీవీ

ఇంట్లోవాళ్లకి డెంగ్యూ అంటే ప్లేట్‌లెట్లే. పొద్దున 60 వేలు, సాయంత్రం 42 వేలు అంటే ఫోన్లు మోగుతాయి, దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజీలు వెళ్లిపోతాయి. ఆ భయాన్ని కొట్టిపారేయకండి, కానీ మనం చూడాల్సిన అంకె పక్క వరుసలో ఉంటుంది, పీసీవీ, అంటే హెమటోక్రిట్, రక్తంలో ఎర్రకణాల వాటా. డెంగ్యూలో మనిషిని ఎక్కువగా చంపేది ప్లాస్మా కారిపోయి వచ్చే షాక్, సమయానికి సరిపడా ద్రవం పడకపోతే ఆ షాకే పెద్ద రక్తస్రావానికి దారితీస్తుంది.

పీసీవీ మొదటి రోజుల కన్నా 20 శాతం పెరిగితే ప్లాస్మా కారుతోందని అర్థం. ఇక్కడ మన ఆడవాళ్ల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. రక్తం తక్కువున్న ఒకామెకి రెండో రోజు పీసీవీ 27 ఉందనుకోండి, ఐదో రోజుకి 33 అయితే రిపోర్టులో అది ఇంకా నార్మల్ కన్నా తక్కువనే ఉంటుంది, ఎవరూ గీత గీయరు, కానీ లెక్కేస్తే 22 శాతం పెరిగింది, ఆమెకి ప్లాస్మా కారుతోంది. అందుకే మొదటి రోజు సీబీపీ కాగితం ఎంత నలిగిపోయినా తెప్పించుకోండి. తిరగేసి కూడా చూడాలి, షాక్‌లో ఉన్న మనిషికి పీసీవీ తగ్గిపోతుంటే లోపల ఎక్కడో రక్తం పోతోందని, అప్పుడు కావాల్సింది సెలైన్ కాదు, రక్తం.

ఎవరికి ప్లేట్‌లెట్లు ఎక్కించాలి? రక్తస్రావం ఉన్నవాళ్లకి ఎక్కించాలి. రక్తస్రావం లేకపోతే మన జాతీయ గైడ్‌లైన్ చెప్పేది 10 వేల కన్నా తగ్గితేనే అని. సింగపూర్, మలేషియా హాస్పిటళ్లలో 20 వేలు లేదా అంతకన్నా తక్కువున్న పెద్దవాళ్ల మీద చేసిన ట్రయల్ 2017లో లాన్సెట్‌లో వచ్చింది, ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తస్రావాలు తగ్గలేదు, పైగా రియాక్షన్లు ఎక్కువయ్యాయి. "50 వేలకి పడిపోయింది, ఎక్కించండి" అని బంధువులు గట్టిగా అడిగినప్పుడు ఇదే చెప్పండి, ఎక్కించిన కణాలు కొన్ని గంటల్లోనే పోతాయమ్మా, వాటంతటవే పెరిగే టైమ్ వస్తోంది, మేం చూస్తూనే ఉంటాం అని. ఒంటి మీద ఏ మచ్చా లేకుండా ఉన్నట్టుండి 15 వేలు వస్తే ముందు స్మియర్ చూడమనండి, ట్యూబులో కణాలు గుంపు కట్టినా మెషీన్ తక్కువ చూపిస్తుంది.

బొప్పాయి ఆకు రసం అడుగుతారు. నేను వద్దనే చెప్తా. దానితో ప్రాణాలు నిలిచాయని గట్టి ఆధారం లేదు, చేదుకి వాంతులు చేసుకుంటే ఉన్న నీళ్లు కూడా పోతాయి, వాంతులు అసలే డెంగ్యూలో ప్రమాద సూచన, ఇది రసం వల్లా జబ్బు వల్లా అన్నది మనకి తెలియకుండా పోతుంది.

జ్వరం తగ్గిన రోజే కాపలా కాయాలి

డెంగ్యూలో ప్రమాదం సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, జ్వరం దిగేటప్పుడు వస్తుంది, ఒకటి నుంచి రెండు రోజులు ఉంటుంది. ఇంట్లోవాళ్లు జ్వరం తగ్గింది కదా అని డిశ్చార్జ్ అడిగేదీ ఆ రోజే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, మత్తుగా ఉండటం లేదా కుదురు లేకపోవడం, పొట్టలోనో ఛాతీలోనో నీరు, కాలేయం రెండు సెంటీమీటర్ల కన్నా పెరగడం, పీసీవీ పెరుగుతూ ప్లేట్‌లెట్లు వేగంగా పడటం, వీటిలో ఒక్కటి ఉన్నా ఉంచేయండి. గర్భిణులు, ముసలివాళ్లు, షుగర్ కిడ్నీ జబ్బులున్నవాళ్లు, ఇంట్లో చూసేవాళ్లు లేనివాళ్లు, వీళ్లకి ఆ లక్షణాలు లేకపోయినా ఉంచడమే మంచిది. దూరం కూడా ఒక కారణమే, పాడేరు దాటి లోపల గూడెంలో ఉండే మనిషిని "తేడా వస్తే రా" అని డే 4న పంపితే, తేడా వచ్చిన రాత్రి ఘాట్ దిగి విశాఖ కేజీహెచ్ చేరేసరికి ఏమవుతుందో ముందే ఆలోచించండి.

స్కాన్‌లో గాల్‌బ్లాడర్ గోడ మందంగా ఉందని రాస్తే సర్జన్‌కి పంపేయకండి, డెంగ్యూలో ప్లాస్మా కారినప్పుడు అలా కనిపిస్తుంది.

సెలైన్ ఎంత? నోటితో తాగగలిగినవాళ్లకి నోటితోనే, ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి, రోజుకి రెండున్నర లీటర్ల దాకా. పైన చెప్పిన ప్రమాద సూచనలు (వార్నింగ్ సైన్స్) ఉండి తాగలేనివాళ్లకి నార్మల్ సెలైన్ గానీ రింగర్ లాక్టేట్ గానీ గంటకి కిలోకి 5 నుంచి 7 ఎంఎల్, ఒకటి రెండు గంటలు, తర్వాత 3 నుంచి 5కి, ఆ తర్వాత 2 నుంచి 3కి తగ్గించాలి. 60 కిలోల మనిషికి మొదటి గంటలో 300 నుంచి 420 ఎంఎల్ అన్నమాట. పల్స్ ప్రెషర్ (రెండు బీపీ అంకెల మధ్య తేడా) తగ్గి బీపీ ఇంకా నిలబడి ఉన్నవాళ్లకి గంటలో 5 నుంచి 10, బీపీ పడిపోయినవాళ్లకి 15 నిమిషాల్లో 20. ప్రతి మార్పు తర్వాత పల్స్ ప్రెషర్, యూరిన్, పీసీవీ చూసి ముందుకెళ్లండి, యూరిన్ గంటకి కిలోకి అర ఎంఎల్ వస్తే చాలు. చాలామంది మర్చిపోయేది ఆపడం. కారిన ప్లాస్మా రెండు రోజుల్లో వెనక్కి రక్తంలోకి వచ్చేస్తుంది, అప్పుడూ అదే స్పీడులో సీసాలు ఎక్కిస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, దాన్ని చూసి న్యుమోనియా అని యాంటీబయాటిక్ మార్చేస్తారు.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, మెఫనమిక్ యాసిడ్ కలిసిన మాత్రలు వద్దు, తుంటి సూదులు అసలే వద్దు. ఎంజైములు పెరిగి ఉంటే పారాసిటమాల్ డోసు కూడా తగ్గించండి.

డాక్సీ ఎప్పుడు మొదలుపెట్టాలి

ఐదో రోజు దాటింది, మలేరియా లేదు, డెంగ్యూ అనిపించట్లేదు, పొలం పని చేసే మనిషి, ప్లేట్‌లెట్లు కొంచెం తక్కువ, ఎంజైములు కొంచెం ఎక్కువ, పొడి దగ్గు, తలనొప్పి. ఇలాంటి మనిషికి ఎస్కార్ దొరక్కపోయినా డాక్సీసైక్లిన్ 100 ఎంజీ రోజుకి రెండుసార్లు మొదలుపెట్టేయండి, స్క్రబ్‌కీ లెప్టోకీ రెండిటికీ పని చేస్తుంది, ఏడు రోజులు. "సెఫ్‌ట్రియాక్సోన్ ఐదు రోజులు వేశాం, జ్వరం తగ్గట్లేదు" అని రిఫర్ అయి వచ్చే కేసుల్లో స్క్రబ్ తరచూ ఉంటుంది, ఎందుకంటే సెఫ్‌ట్రియాక్సోన్ దాని మీద పని చేయదు. డాక్సీ పడిన 48 గంటల్లో స్క్రబ్ జ్వరం చాలావరకు దిగిపోతుంది, దిగకపోతే అది వేరేదేమో అని మళ్లీ మొదటి నుంచి ఆలోచించండి. గర్భిణులకి అజిత్రోమైసిన్. ఆయాసం, మత్తు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పడిపోవడం ఉన్న స్క్రబ్ కేసులకి ఐవీ (నరంలోకి ఎక్కించే) డాక్సీ, ఐవీ అజిత్రో రెండూ కలిపి ఇస్తే ఒక్కోటీ విడిగా ఇచ్చినదానికన్నా మెరుగని మన దేశపు హాస్పిటళ్లలోనే చేసిన ట్రయల్ 2023లో వచ్చింది.

మాత్ర ఎలా వేసుకోవాలో చెప్పడం మర్చిపోకండి. తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో, వేసుకున్నాక అరగంట పడుకోకూడదు. చెప్పకపోతే రాత్రి నిద్రపోయేముందు గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటారు, మాత్ర గొంతు కిందే ఇరుక్కుని పుండు పడి మూడో రోజుకి ఛాతీ మంటతో వస్తారు, మందు మానేస్తారు.

మలేరియా తేలితే వైవాక్స్‌కి క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు, ప్రైమాక్విన్‌కి ముందు జీ6పీడీ ఎంజైము లోపం ఉందేమో చూడగలిగితే చూడండి, గర్భిణులకి అది వద్దు. ఫాల్సిపారంకి ఏసీటీ (ఆర్టిమిసినిన్ కలిసిన మాత్రల జత), సీరియస్‌గా ఉంటే ఐవీ ఆర్టిసునేట్ కిలోకి 2.4 ఎంజీ చొప్పున 0, 12, 24 గంటలకి, ఇది రిఫర్ చేసేముందు మొదటి డోసు వేసి పంపాలి.

రోజూ వేసుకునే మాత్రల సంగతి

ఈ ప్రశ్న పేషెంటు అడగడు, మనమే ఎత్తాలి. జ్వరంతో సరిగ్గా తినట్లేదు, వాంతులున్నాయి అంటే షుగర్‌కి వాడే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు ఆపండి, షుగర్ 180 ఉన్నా కీటోయాసిడోసిస్ (రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకోవడం) రావొచ్చు, ఆయాసం వాంతులు ఎక్కువైతే కీటోన్లు చూడండి. క్రియాటినిన్ పెరిగినా బాగా డీహైడ్రేట్ అయినా మెట్‌ఫార్మిన్ ఆపాలి. బీపీకి, నీరు తీయడానికి వాడే టెల్మిసార్టన్, ఫ్యూరోసెమైడ్ లాంటివి బీపీ తక్కువుండి నీళ్లు తక్కువైన మనిషికి తాత్కాలికంగా ఆపి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చీటీ మీద రాసివ్వండి, రాయకపోతే నెలల తరబడి ఆగిపోతాయి. ఇన్సులిన్ మాత్రం పూర్తిగా ఆపమనకండి, షుగర్ చూస్తూ డోసు మార్చాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి, ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లలో ఇది మామూలే, కొబ్బరినీళ్లు ఎన్ని తాగుతున్నారో అడగండి, పొటాషియం ఎక్కుతుంది.

స్టెంట్ ఉన్న మనిషికి డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడుతుంటే రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఏం చేయాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. స్టెంట్ ఎప్పుడు వేశారో తారీకు కనుక్కోండి, ఈ మధ్యే వేసి ఉంటే కార్డియాలజిస్టుతో ఫోన్‌లో మాట్లాడకుండా రెండూ ఒకేసారి ఆపేయకండి, మాట్లాడిన టైమ్ కేస్ షీట్‌లో రాయండి.

ఇంటికి పంపేటప్పుడు

నోటితో చెప్పింది గేటు దాటేసరికి మర్చిపోతారు, చీటీ వెనక తెలుగులో రాసివ్వండి: రేపు, ఎల్లుండి మళ్లీ రక్తపరీక్షకి రండి, కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తం, మత్తు, ఆయాసం, ఆరు గంటలుగా యూరిన్ రాకపోవడం, చేతులూ కాళ్లూ చల్లబడటం, వీటిలో ఏది వచ్చినా రాత్రయినా 108కి ఫోన్ చేసి రండి, జ్వరం తగ్గినా రండి. చదవడం రానివాళ్లకి వెంట వచ్చినవాళ్లతో ఒకసారి పైకి చదివించి, "ఏవి వస్తే వస్తారో చెప్పమ్మా" అని తిరిగి అడగండి. వార్డు నుంచి పంపాలంటే జ్వరం మాత్రలు లేకుండానే 48 గంటలు జ్వరం లేకపోవాలి, తింటుండాలి, ప్లేట్‌లెట్లు 50 వేలు దాటి పెరిగే దారిలో ఉండాలి, పీసీవీ సెలైన్ లేకుండా నిలకడగా ఉండాలి.

వారం దాటినా తగ్గకపోతే

ఏడు రోజులు దాటి, డాక్సీ పడి, కల్చర్ ఏమీ చెప్పకపోతే కొత్త యాంటీబయాటిక్ కలపడం కన్నా మళ్లీ మొదటి నుంచి చరిత్ర తీసుకోవడం మేలు. టీబీ, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్, కాలేయంలో చీముగడ్డ, హెచ్‌ఐవీ, ఇవి చూడాలి, గుండె శబ్దం రోజూ వినాలి. ఫెరిటిన్ వేలల్లో ఉండి కణాలన్నీ పడిపోతూ ప్లీహం పెరుగుతుంటే హెచ్‌ఎల్‌హెచ్ (రోగనిరోధక వ్యవస్థ అదుపుతప్పి సొంత కణాల్నే దెబ్బతీసే స్థితి) గురించి ఆలోచించి పెద్ద సెంటర్‌తో మాట్లాడాలి.

ఒకటి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి, షుగర్ ఉన్న రైతు, వానల తర్వాత జ్వరం, న్యుమోనియా లేదా కాలేయంలో ప్లీహంలో చిన్న చిన్న గడ్డలు ఉంటే మెలియాయిడోసిస్ అయి ఉండొచ్చు. మట్టిలో నీళ్లలో ఉండే బర్ఖోల్డేరియా సూడోమాలై వల్ల వస్తుంది, చూడ్డానికి టీబీలా ఉంటుంది, ల్యాబ్‌లో సూడోమోనాస్ అని రాసేస్తారు లేదా కంటామినేషన్ అని పక్కన పెట్టేస్తారు, సెఫ్‌ట్రియాక్సోన్ మీద నమ్మకం పెట్టుకోలేం, సెఫ్టజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కావాలి, ఆ తర్వాత కోట్రైమాక్సజోల్ నెలల పాటు వాడాలి. కాబట్టి కల్చర్ పంపేటప్పుడు ఫారమ్ మీద "షుగర్ ఉంది, పొలం పని, మెలియాయిడోసిస్ అనుమానం" అని రాసి, మైక్రోబయాలజీకి ఫోన్ చేసి చెప్పండి. జెంటామైసిన్‌కీ కొలిస్టిన్‌కీ లొంగకుండా అమాక్సిక్లావ్‌కి లొంగే గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా కనిపిస్తే ప్లేటు పారేయొద్దు, వెంటనే నాకు ఫోన్ చేయండి అని మీ నంబరు ఇచ్చి పెట్టండి.